దంపతులు కలిసి తపస్కాలం పాటించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే కాలమే తపస్కాలం. అది మొదలయ్యే భస్మ బుధవారం దగ్గరపడే కొద్దీ కొత్తగా పెళ్లయినవారికీ, పెళ్లయి ఏళ్లు గడిచినవారికీ ఇంచుమించు ఒకే రకం సందేహాలు వస్తుంటాయి. పైకి అవి ఉపవాసం గురించిన ప్రశ్నల్లాగే ఉంటాయి. కాస్త లోతుకు వెళితే చాలాసార్లు అవి అవతలి మనిషి గురించిన ప్రశ్నలు. "నేను పాటిస్తాను, తను పట్టించుకోదు", "ఆయన ఉపవాసం ఉంటే ఇంట్లో అందరం భయంగా ఉండాలి", "ఇద్దరం కలిసి ప్రార్థన చేయాలంటే ఎందుకో మొహమాటం". అందుకే ఇక్కడి జవాబులన్నీ ఒక్క మాట మీద నిలుస్తాయి. పెళ్లయినవారి తపస్సులో ఏ నిర్ణయమైనా ఇద్దరి సమ్మతితోనే జరగాలి. అపొస్తలుడైన పౌలు ఆ నియమాన్ని పడకగది గురించి చెప్పాడు. వంటకూ డబ్బుకూ ఫోనుకూ కూడా అది అంతే బలంగా వర్తిస్తుందని మా నమ్మకం.

తపస్కాలం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది?

కొన్ని సంఘాల్లో శ్రమకాలం అని, లెంటు దినాలని పిలిచేది దీన్నే. కథోలిక, లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో భస్మ బుధవారం నాడు మొదలవుతుంది. ఆ రోజు నుంచి ఈస్టర్ ముందు శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు. వాటిలో ఆరు ఆదివారాలు ఉంటాయి. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే కాబట్టి వాటిని ఉపవాస దినాలలో చేర్చరు. మిగిలేవి 40. యేసు అరణ్యంలో ఉపవసించినవీ, మోషే సీనాయి కొండ మీద గడిపినవీ, ఏలీయా హోరేబుకు నడిచినవీ అన్ని రోజులే. కథోలిక ఆరాధన క్రమం ప్రకారం పవిత్ర గురువారం సాయంత్రపు పూజతో తపస్కాలం ముగిసి, క్రీస్తు శ్రమ మరణ పునరుత్థానాల మూడు దినాలు మొదలవుతాయి.

2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తాయి. 2028లో మార్చి 1, ఏప్రిల్ 16. తూర్పు సంప్రదాయానికి చెందిన ఆర్థడాక్స్ సంఘాలకు భస్మ బుధవారం లేదు. వారి మహా ఉపవాసం సోమవారంతో మొదలవుతుంది, చాలా చోట్ల ఈస్టర్ తేదీ లెక్క కూడా వేరు.

ఉపవాసం రహస్యంగా చేయమని యేసు చెప్పాడు కదా, ఇద్దరం చెప్పుకొని చేయడం తప్పు కాదా?

తప్పు కాదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు ఖండించింది నలుగురూ చూడాలని ముఖం వాడేసుకుని తిరగడాన్ని. ఒకే కప్పు కింద ఉంటూ ఒకే చోట భోంచేసేవారి మధ్య ఖాళీ కంచం ఎలాగూ దాగదు. దాచడానికి ప్రయత్నిస్తే అవతలివారికి కనిపించేది భక్తి కాదు, దూరం. "తను నాతో ఎందుకు తినడం లేదు? నేనేమైనా అన్నానా?" అన్న అనుమానం మొదలవుతుంది. రహస్యం ఇంటి గడపకు అవతల పాటించండి. గడపకు ఇవతల చెప్పుకోండి.

ఇంకో సంగతి కూడా చూడండి. భస్మ బుధవారం నాడు కథోలిక దేవాలయాల్లో చదివే మొదటి పఠనం యోవేలు రెండో అధ్యాయం. ఉపవాస దినం ప్రకటించి వృద్ధులనూ, చంటిపిల్లలనూ, చివరకు పెళ్లిగదిలో ఉన్న వరుణ్ణీ వధువునూ కూడా బయటికి రమ్మని ప్రవక్త పిలుస్తాడు. కొత్త దంపతులకు మినహాయింపు ఇవ్వలేదు, ఒక్కరినే రమ్మనీ అనలేదు. ఇద్దరినీ పేరుపెట్టి పిలిచినట్టే పిలిచాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

భస్మ బుధవారానికి ముందు ఆదివారం కూర్చుని మాట్లాడుకోండి. బుధవారం ఉదయం హడావిడిలో తీసుకున్న నిర్ణయాలు శుక్రవారానికి నిలవవు.

మాట్లాడేటప్పుడు "ఏం మానేద్దాం?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెడతారు, అందుకే చాలామంది తపస్కాలం కాఫీ దగ్గరో తీపి పదార్థాల దగ్గరో ఆగిపోతుంది. ముందు ఒకరినొకరు ఇలా అడగండి: "ఈ ఏడాది మన ఇంట్లో దేవునికి చోటు లేకుండా చేస్తున్నది ఏది?" జవాబు తిండి కాకపోవచ్చు. రాత్రి పదింటి దాకా వదలని ఆఫీసు పని కావచ్చు. అత్తవారి మీద ఏళ్లుగా మోస్తున్న కోపం కావచ్చు. చేతికి అంటుకుపోయిన ఫోను కావచ్చు. అది బయటపడ్డాక ఏం మానాలో దానంతటదే తేలుతుంది.

తర్వాత మూడే మూడు విషయాలు తేల్చుకోండి. ఇద్దరూ కలిసి చేసేది ఒకటి, ఎవరికి వారు చేసేది ఒకటి, ఇతరుల కోసం చేసేది ఒకటి. కలిసి చేసేది చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే అది ఇద్దరిలో బలహీనుడి శక్తికి తగ్గట్టు ఉండాలి. ఎవరికి వారు చేసేదాంట్లో స్వేచ్ఛ ఉండాలి. ఒకరి వ్రతానికి రెండోవారు సాక్షి కావచ్చు గాని తనిఖీ అధికారి కాకూడదు. "నువ్వు మానేస్తానన్నావుగా?" అని రోజుకొకసారి గుర్తుచేసే భార్యో భర్తో ఉన్న ఇంట్లో తపస్సు త్వరగా పంతంగా మారుతుంది.

ఒప్పుకున్నది కాగితం మీద రాసి, ఇద్దరికీ కనిపించేచోట పెట్టుకోండి. ఒక్క పేజీ మించితే ఎక్కువైనట్టే.

ఉపవాస నియమాలు క్లుప్తంగా చెప్పగలరా?

కథోలికులకు భస్మ బుధవారం, క్రీస్తు సిలువ మరణాన్ని స్మరించే శుక్రవారం, ఈ రెండూ ఉపవాస దినాలు. ఒక పూర్తి భోజనం, మరో రెండు పూటలు కొద్దిపాటి ఆహారం తీసుకోవచ్చు. ఆ రెండు రోజులతోపాటు తపస్కాలంలోని ప్రతి శుక్రవారం మాంసం ముట్టరు. 1983 నాటి ధర్మశాస్త్రం ప్రకారం ఉపవాసం 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 నిండేవరకు, మాంస వర్జన 14 నిండినప్పటి నుంచి. స్థానిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య ఈ నియమాలను కొంత సర్దుబాటు చేయవచ్చు కాబట్టి మీ గురువుగారిని అడగడం మంచిది.

ఆర్థడాక్స్ క్రమం ఇంతకంటే కఠినం. మాంసం, చేపలు, గుడ్లు, పాల పదార్థాలు, చాలా రోజుల్లో నూనె, ద్రాక్షారసం కూడా వదులుతారు. ఎవరు ఎంతవరకు పాటించాలో ఆత్మీయ తండ్రితో మాట్లాడి నిర్ణయించుకుంటారు.

లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు కాలాన్ని పాటిస్తాయి గాని తిండి విషయం సాధారణంగా విశ్వాసి మనస్సాక్షికే వదిలేస్తాయి. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాలలో చాలావాటికి ఈ కాలమే లేదు. అక్కడివారు ఉపవాస ప్రార్థనలు వేరే సందర్భాల్లో చేస్తారు.

మా ఇద్దరివీ వేర్వేరు సంఘాలు. ఎవరి పద్ధతి పాటించాలి?

ఎవరి సంఘం విధించిన బాధ్యత వారిది. దాన్ని రెండోవారి మీద మోపవద్దు, దాన్నుంచి తప్పించనూ వద్దు. కథోలిక భార్య శుక్రవారం మాంసం మానడం ఆమెకు విధి. బాప్టిస్టు భర్తకు అది విధి కాదు, కాని ఆ ఒక్క రోజు ఆమెతో కలిసి అదే భోజనం చేయడానికి అతనికి అడ్డూ లేదు. దాన్ని మేము ప్రేమ అంటాం, రాజీ అనం. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం ఈ సందర్భానికి రాసినట్టే ఉంటుంది. తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు.

ఒకరు ఆర్థడాక్స్, మరొకరు పాశ్చాత్య సంఘమైతే ఇంకో చిక్కు ఉంది: ఒకరికి ఈస్టర్ వచ్చేసరికి మరొకరు ఇంకా ఉపవాసంలోనే ఉండవచ్చు. 2025లో రెండు ఈస్టర్లూ ఏప్రిల్ 20నే వచ్చాయి, 2028లో ఏప్రిల్ 16న మళ్లీ కలుస్తాయి. 2027లో మాత్రం ఆర్థడాక్స్ ఈస్టర్ మే 2న, అంటే అయిదు వారాల తేడా. అలాంటి ఏట ఒకరి పండుగ పూట మరొకరు బల్ల దగ్గర కూర్చుని సంతోషంలో పాలుపంచుకుంటే చాలు, తినకపోయినా ఫరవాలేదు.

నాకు పాటించాలని ఉంది, నా భాగస్వామికి అసలు ఆసక్తి లేదు. ఏం చేయాలి?

ఒక్కసారి అడగండి, రెండోసారి ఆహ్వానించండి, ఆపైన ఊరుకోండి. ఉపవాసం బలవంతం మీద జరిగితే అది కేవలం ఆకలి. మీ వ్రతం మీరు చేసుకోండి, కాని దాని ఖర్చు వారి మీద పడకుండా చూసుకోండి. మీరు తినడం లేదని వారికి వేడి భోజనం లేకుండా పోకూడదు. మీరు ప్రార్థనకు వెళ్తున్నారని పిల్లల పని మొత్తం వారి నెత్తిన పడకూడదు. మీ తపస్సు వల్ల ఇంట్లో వారి బతుకు తేలికపడితే, వచ్చే ఏడాది వారే అడిగే అవకాశం ఉంది. అడగకపోయినా మీరు నష్టపోయిందేమీ లేదు.

వంట చేసేది ఒకరు, ఉపవాసం ఉండేది మరొకరు. ఇది న్యాయమేనా?

ఈ ప్రశ్న ఎక్కువగా భార్యల నుంచి వస్తుంది, న్యాయమైన ప్రశ్న. ఉపవాసం విరమించే వేళకు అన్నీ సిద్ధంగా ఉండాలని ఆశించే భర్త తన తపస్సును భార్య చేత చేయిస్తున్నాడు. ఆమె కూడా ఉపవాసంలో ఉండి పొయ్యి దగ్గర నిలబడితే, వాసనలు చూస్తూ రుచి చూడకుండా వండడమన్నది రెట్టింపు కష్టం.

మా సలహా సూటిగా చెబుతాం. ఉపవాస దినాల్లో ఇంట్లో అందరికంటే తక్కువ వంట చేసేవారే ఆ రోజు వంట చేయాలి. చేతకాకపోతే నేర్చుకోవచ్చు, ఉపవాస దినం భోజనం ఎలాగూ సాదాగా ఉండాల్సిందే కదా. అంట్లు తోమడం కూడా అందులో భాగమే.

తపస్కాలంలో దంపతులు శారీరకంగా దూరంగా ఉండాలా?

అందరూ తక్కువ గొంతుతో అడిగే ప్రశ్న ఇదే. దాపరికం లేకుండా జవాబు చెబుతాం.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు ఈ విషయం నేరుగా మాట్లాడాడు. భార్య శరీరం మీద భర్తకు ఎంత హక్కుందో, భర్త శరీరం మీద భార్యకూ అంతే ఉందన్నాడు. ఆ కాలపు లోకంలో రెండో సగం చెప్పడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఎడంగా ఉండడానికి మూడు షరతులు పెట్టాడు. ఇద్దరూ ఒప్పుకోవాలి. కొంతకాలానికే పరిమితం కావాలి. ప్రార్థన కోసమే అయి ఉండాలి. గడువు తీరాక మళ్లీ కలవమన్నాడు, లేకపోతే శోధన వస్తుందని హెచ్చరించాడు. ఇదంతా అనుమతిగా చెబుతున్నానే తప్ప ఆజ్ఞగా కాదని కూడా స్పష్టం చేశాడు.

మధ్యయుగాల్లో పశ్చిమ ఐరోపాలో ప్రాయశ్చిత్త గ్రంథాలు తపస్కాలమంతా దంపతులు ఎడంగా ఉండాలని విధించేవి. నేటి కథోలిక ధర్మశాస్త్రంలో అలాంటి నియమం లేదు. ఆర్థడాక్స్ సంప్రదాయం ఇప్పటికీ దాన్ని ప్రోత్సహిస్తుంది, అయితే ఇద్దరి సమ్మతితో, ఆత్మీయ తండ్రి సలహాతో. దాంపత్య కలయిక అపవిత్రమన్న భావం దీని వెనుక లేదు. మంచిదైన అన్నాన్ని కొంతసేపు పక్కన పెట్టినట్టే, మంచిదైన దీన్నీ పక్కన పెట్టడం. చెడ్డదాన్ని వదలడానికి తపస్కాలం దాకా ఆగనక్కరలేదు కదా.

మీరిద్దరూ ఆలోచిస్తుంటే ఒక్క రోజుతోనో, ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంతోనో మొదలుపెట్టండి. నలభై రోజులూ అని ఒక్కసారిగా ప్రకటించవద్దు. ఎప్పుడు ముగుస్తుందో ముందే అనుకోండి. ఒకరు మనసు మార్చుకుంటే అంతటితో వ్రతం ముగిసినట్టే, అందులో సిగ్గుపడవలసిందీ దెప్పిపొడవవలసిందీ లేదు. ఎడంగా ఉన్న రోజుల్లో చేయి పట్టుకోవడం, పక్కన కూర్చోవడం, ఆప్యాయంగా మాట్లాడడం తగ్గకూడదు, పెరగాలి.

అలిగి దూరం పెట్టడానికి ఉపవాసం పేరు పెట్టడం మాత్రం ఎన్నటికీ సరికాదు. ఇద్దరి మధ్య తేలవలసిన గొడవ ఉంటే ముందు దాన్ని తేల్చుకోండి. అలాగే, ఒకరికి ఇష్టం లేనప్పుడు వారి శరీరం మీద హక్కుందంటూ ఇదే వాక్యాన్ని ఆయుధంగా వాడడం పౌలు మాటను తలకిందులు చేయడమే.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మందులు వాడేవారు ఉపవాసం ఉండాలా?

అక్కరలేదు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, రోగులను సంఘాలు ఉపవాసం నుంచి మినహాయిస్తాయి. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా భోజనం మానకూడదు. గతంలో తిండి మానేసే రుగ్మతతో బాధపడినవారు ఆహార ఉపవాసం జోలికి వెళ్లకుండా వేరే వ్రతం ఎంచుకోవాలి. ఇలాంటి సందర్భాల్లో భాగస్వామి పని ఒక్కటే: "నువ్వు తిను" అని అపరాధ భావం కలగకుండా చెప్పి, పక్కన కూర్చోవడం.

ఇద్దరం కలిసి ప్రార్థన చేయాలంటే సిగ్గుగా ఉంటుంది. ఇది మాకేనా?

మీకే కాదు. దేవాలయంలో వందమంది ముందు నోరు తెరిచి ప్రార్థించేవారు కూడా సొంత భార్య ముందు, భర్త ముందు తడబడతారు. కారణం తెలిసిందే. ఆ మనిషికి మన లోపాలన్నీ తెలుసు. పొద్దున విసుక్కున్న నోటితో రాత్రి "ప్రేమగల తండ్రీ" అనడం కష్టం. ఆ కష్టమే ఈ ప్రార్థనకు విలువ ఇస్తుందని మేము నమ్ముతాం. అబద్ధం చెప్పడానికి వీల్లేని చోట చేసే ప్రార్థన అది.

మొదట సొంత మాటలు వద్దు. ఒక కీర్తన తీసుకోండి. 51వ కీర్తన ఈ కాలానికి సరిగ్గా సరిపోతుంది. ఒక వచనం ఒకరు, తర్వాతి వచనం మరొకరు చదవండి. చివర పరలోక జపం. అయిదు నిమిషాలు పడుతుంది. వారం గడిచాక చదివిన తర్వాత కొంచెంసేపు మౌనంగా ఉండండి. ఆ పైన ఒక్కొక్కరు ఒక్క వాక్యం చాలు: "ప్రభువా, రేపు ఆమెకు ఆసుపత్రిలో పరీక్షలు, ఆమె చేయి పట్టుకో." తన పేరుతో భర్త ప్రార్థించడం విన్న భార్యకు ఆ రోజు వేరేగా ఉంటుంది. భర్తకూ అంతే.

ఆర్థడాక్స్ సంఘాల్లో మహా ఉపవాసపు రోజుల్లో చెప్పే ఒక చిన్న ప్రార్థన ఉంది. నాలుగో శతాబ్దపు సిరియా భక్తుడు ఎఫ్రేముదిగా చెబుతారు. సోమరితనం, అధికార దాహం, వ్యర్థమైన మాటలు తనకు వద్దని, వినయం, ఓర్పు, ప్రేమ కావాలని కోరి, చివరకు తన తప్పులు తాను చూసుకునే చూపునూ, సహోదరునికి తీర్పు తీర్చని మనసునూ ఇవ్వమని అడుగుతుంది. ఆ చివరి విన్నపంలో సహోదరుడి స్థానంలో మీ భాగస్వామిని ఉంచుకుని ప్రార్థించి చూడండి. ఏ సంఘంవారైనా చేయదగిన ప్రార్థన అది.

వీలైతే శుక్రవారాల్లో, యేసు సిలువ ప్రయాణాన్ని 14 స్థలాలుగా ధ్యానించే సిలువ మార్గానికి కలిసి వెళ్లండి. ఆ స్థలాల్లో ఏ ఒక్కటీ ఇద్దరి మనసునూ ఒకే రకంగా తాకదు. ఇంటికి వస్తూ ఎవరికి ఏది తగిలిందో చెప్పుకుంటే, ఆ సంభాషణ మామూలు రోజుల్లో రాదు.

ఉపవాసం ఉన్న రోజే మా ఇంట్లో గొడవలు ఎక్కువవుతాయి. ఎందుకు?

ఆకలి వేస్తే ఓర్పు సన్నగిల్లుతుంది. ఇది శరీర ధర్మం, అందులో ఆశ్చర్యం లేదు. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలను నిలదీసింది కూడా దీని గురించే. మీరు ఉపవాసం ఉంటూ కలహపడుతున్నారు, పిడికిలితో గుద్దుకుంటున్నారు, ఇదా నేను కోరుకున్న ఉపవాసం అని అడుగుతాడు. 387లో అంతియొకయలో (నేటి టర్కీలోని పురాతన నగరం) తపస్కాల ప్రసంగాలు చేసిన గురువు యోహాను క్రిసోస్తోము మరీ ఘాటుగా అన్నాడు. కోడిమాంసం, చేపలు మాని, సాటి మనిషిని మాత్రం కొరికి తింటుంటే ఏం లాభమని అడిగాడు. కళ్లు, చెవులు, చేతులు, నోరు కూడా ఉపవాసం ఉండాలన్నాడు.

కాబట్టి ఉపవాసం వల్ల రోజూ ఇంట్లో రుసరుసలు తప్పకపోతే, తిండి ఉపవాసం తగ్గించి నోటి ఉపవాసం పెంచండి. దెప్పడం మానేయడం, పాత గొడవలు తవ్వకపోవడం, పిల్లల ముందు ఒకరినొకరు తక్కువ చేయకపోవడం. నలభై రోజులు ఇది పాటించినవారు ఎవరూ తేలికని చెప్పరు.

క్షమాపణ విషయంలో ఆర్థడాక్స్ సంఘాల ఆచారం ఒకటి అన్ని ఇళ్లకూ మంచిదని మా అభిప్రాయం. మహా ఉపవాసం మొదలయ్యే ముందు ఆదివారాన్ని వారు క్షమాపణ ఆదివారం అంటారు. సాయంత్రపు ప్రార్థన చివర విశ్వాసులు ఒకరికొకరు ఎదురుగా నిలిచి తలవంచి క్షమించమని అడుగుతారు, దేవుడు క్షమిస్తాడని రెండోవారు బదులిస్తారు. గురువు కూడా అడుగుతాడు. ఇంట్లో ఇలా చేయవచ్చు. పిల్లలు పడుకున్నాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడండి. మొదట ఒకరు, "ఈ ఏడాది నిన్ను నొప్పించాను. మీ అమ్మ గురించి ఆ మాట అనకూడదు. నన్ను క్షమించు" అని ఫలానా విషయం పేరుపెట్టి చెప్పాలి. అవతలివారు "క్షమించాను" అనాలి, "కాని" అని తగిలించకూడదు. తర్వాత వంతు మారాలి. క్షమించడానికి సిద్ధంగా లేకపోతే "నాకు కొంత సమయం కావాలి" అనడం నిజాయితీ. ఈస్టర్ దాకా సమయం ఉంది.

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది దంపతులకు కూడా. భర్తలు భార్యలను గౌరవించకపోతే వారి ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం చెబుతుంది. ఎన్ని పూటలు మానేసినా ఆ ఆటంకాన్ని ఉపవాసం తొలగించదు.

మా దాంపత్యంలో హింస ఉంది. ఓర్చుకోవడమే తపస్సా?

కాదు. కొట్టడం, బెదిరించడం, డబ్బు కట్టడి చేసి లొంగదీసుకోవడం మీరు మోయవలసిన సిలువ కాదు. ఉపవాసం ఉంటే అంతా మారుతుందని ఎదురుచూడకండి. నమ్మకమైన మనిషికి చెప్పండి, సురక్షితమైన చోటికి వెళ్లండి, చట్టం సహాయం తీసుకోండి. పై జవాబులో చెప్పిన క్షమాపణ పద్ధతి మీలాంటి పరిస్థితికి ఉద్దేశించింది కాదు. "సహించు" అని మాత్రమే చెప్పే గురువో పాస్టరో ఎదురైతే మరొకరి దగ్గరికి వెళ్లండి.

పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ఇద్దరం కలిసి వెళ్లవచ్చా?

కలిసి దేవాలయానికి వెళ్లండి, వరుసలో పక్కపక్కనే కూర్చోండి. సంకీర్తనం మాత్రం ఎవరిది వారిదే. లోపల ఏం చెప్పారని అడగకూడదు. గురువు ఆ రహస్యాన్ని ఏ కారణంతోనూ బయటపెట్టడానికి వీల్లేదు. దాన్ని భాగస్వామి కూపీ లాగడం ఆ సంస్కారాన్ని అగౌరవపరచడమే. మీ భార్య పాపాలు కాక మీ పాపాలు చెప్పండి అని గురువులు తరచూ గుర్తుచేయవలసి వస్తుంది, ఆ మాట మనసులో పెట్టుకుని వెళ్లండి.

దానధర్మాల విషయంలో ఇద్దరికీ కుదరడం లేదు. ఒకరు ఎక్కువ ఇవ్వాలంటారు, మరొకరు అప్పులు గుర్తుచేస్తారు.

ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుతున్నారు. అప్పు తీర్చడం కూడా న్యాయమే, ఒకరి సొమ్ము వారికి తిరిగి ఇవ్వడమే. తపస్కాలపు దానానికి పాత సూత్రం ఒకటుంది. అయిదో శతాబ్దంలో పోపు లియో తన తపస్కాల ప్రసంగాల్లో, మనం తగ్గించుకున్న తిండి పేదల కడుపు నింపాలని బోధించాడు. అంటే కొత్తగా డబ్బు వెతకనక్కరలేదు. బయటి భోజనం మానేస్తే మిగిలింది, కొనకుండా ఆగిన బట్టల డబ్బు, రద్దు చేసుకున్న వినోదం ఖర్చు ఒక చోట వేయండి. ఎవరికి ఇవ్వాలో ఇద్దరూ కలిసి నిర్ణయించండి. చెప్పకుండా ఉమ్మడి సొమ్ములోంచి పెద్ద మొత్తం ఇచ్చేయడం ఎంత పుణ్యకార్యమైనా భాగస్వామి నమ్మకాన్ని దెబ్బతీస్తుంది.

డబ్బు అసలే లేకపోతే సమయం ఇవ్వండి. ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లడం మంచి దానం.

పెళ్లిరోజు తపస్కాలంలో వస్తుంది. జరుపుకోవచ్చా?

తప్పకుండా. వివాహం దేవుని కృప, దానికి కృతజ్ఞత చెప్పడానికి ఏ కాలమూ అడ్డు కాదు. శుక్రవారం వస్తే వేడుక భోజనాన్ని దగ్గరి ఆదివారానికి మార్చుకుంటే సరిపోతుంది. భస్మ బుధవారం కొన్నిసార్లు ఫిబ్రవరి 14న వస్తుంది. 2018లో, 2024లో అలా జరిగింది, 2029లో మళ్లీ జరుగుతుంది. అలాంటి ఏడాది ప్రేమికుల రోజును ముందురోజు మంగళవారమే జరుపుకోండి. బుధవారం ఇద్దరూ నుదుట బూడిదతో పక్కపక్కన నిలబడి మీరు మట్టేనని వినడం కూడా ప్రేమకు సంబంధించినదే. మరణం విడదీసేవరకు అని మాట ఇచ్చుకున్నవారు ఆ మరణాన్ని కలిసి తలచుకోవడం అది.

మార్చి 19న మరియమ్మ భర్త యోసేపు పండుగ. కథోలికులకు అది మహోత్సవం, శుక్రవారం వచ్చినా ఆ రోజు మాంస వర్జన నియమం ఉండదు. 2027లో అది శుక్రవారమే. తపస్కాలం మధ్యలో ఒక భర్తను స్మరించే పండుగ ఉండడం దంపతులకు మంచి విరామం.

ఉద్యోగాల వల్ల వేర్వేరు ఊళ్లలో ఉంటున్నాం.

ఒకే వేళ పెట్టుకుని ఫోనులో ఒకే కీర్తన చదువుకోండి. పనివేళలు కలవకపోతే ఒకరు చదివి గొంతు రికార్డు చేసి పంపండి, రెండోవారు తమ వేళకు విని కొనసాగించండి. సామాజిక మాధ్యమాలు మానేయాలనుకుంటే మంచిదే, కాని మీ ఇద్దరి మధ్య మాటలకు ఆ ఫోనే ఆధారమని మరవకండి.

మధ్యలో వ్రతం తప్పాం. ఇక వదిలేయాలా?

వద్దు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. ఒకరు తప్పితే రెండోవారు ఆ సంగతి ఎత్తకుండా ఉండడం గొప్ప సహాయం. నాలుగో ఆదివారం దాదాపు సగం దారి. ఆ రోజు రాసుకున్న కాగితం తీసి, బరువైనది తగ్గించుకోండి.

పవిత్ర వారంలో ఇంట్లో ప్రత్యేకంగా ఏం చేయవచ్చు?

మట్టల ఆదివారం నుంచి ఆరాధనలే చాలా ఉంటాయి, వాటికి కలిసి వెళ్లడమే ముఖ్యం. చిన్నపిల్లలు ఉంటే వంతులు వేసుకోండి, ప్రతిసారీ ఒకరే ఇంట్లో ఉండిపోకూడదు.

ఒక్కటి మాత్రం ఇంట్లో చేయమని కోరుతున్నాం. పవిత్ర గురువారం రాత్రి, ఆరాధన నుంచి వచ్చాక, ఒకరి పాదాలు ఒకరు కడగండి. వెడల్పాటి పాత్రలో గోరువెచ్చని నీళ్లు, భుజాన తువ్వాలు చాలు. యోహాను సువార్త 13వ అధ్యాయం మొదటి పదిహేను వచనాలు చదివి, ఒకరు కుర్చీలో కూర్చుంటే మరొకరు నేల మీద మోకరించండి. మడమల పగుళ్లు, చెప్పు కొరికిన మచ్చ, రోజంతా నిలబడి వాచిన చీలమండ చేతికి తగులుతాయి. వాటిలో ఎంత భాగం మీ ఇంటి కోసం నడిచిన నడకదో ఆ క్షణంలో లెక్కకు వస్తుంది. కడిగించుకోవడం కడగడం కంటే కష్టమని చాలామంది అంటారు. యేసు తన పాదాలు కడగబోతే శిష్యుడు పేతురు కూడా మొదట ఒప్పుకోలేదు.

ఈస్టర్ తర్వాత ఏం చేయాలి?

పండుగ చేసుకోండి, మనసారా తినండి. పునరుత్థాన కాలం పెంతెకోస్తు వరకు 50 రోజులు, ఉపవాస కాలం కంటే ఎక్కువ. నియమాలన్నీ కొనసాగించాలని ఉత్సాహపడవద్దు. కలిసి చేసిన ప్రార్థన అలవాటైతే దాన్ని మాత్రం నిలుపుకోండి. వ్రతంలో వదిలినవాటిలో తిరిగి తెచ్చుకోవాలనిపించనిది ఏదైనా ఉందేమో ఇద్దరూ మాట్లాడుకోండి. ఈస్టర్ జాగరణలో బాప్టిస్మ వాగ్దానాలు కొత్తగా చెప్పే సంఘాలవారు ఆ వారంలోనే ఇంట్లో పెళ్లి ప్రమాణాలు కూడా మరోసారి చెప్పుకోవచ్చు. పెళ్లినాటి ప్రార్థన పుస్తకం దాచుకుని ఉంటే అందులోంచే చదవండి, లేకపోతే మీ సంఘంలో అడిగి తీసుకోండి.